అనంతయ్య కుడిచెయ్యి

శంషాబాద్ దాటి పాత బెంగళూరు రోడ్డు మీద కొత్తూరు వైపు పోతుంటే, టైర్ల దుకాణానికీ చాయ్ హోటలుకూ నడుమ ఒక రేకుల షెడ్డు ఉంది. గుద్దుకున్న కార్లూ గీసుకుపోయిన కార్లూ అక్కడికి వస్తాయి. శివయ్య సుత్తితో సొట్టలు తీస్తాడు. తీయగా మిగిలిన గుంతల్లో పుట్టీ పెడతారు. పుట్టీ ఆరాక దాన్ని రుద్ది రుద్ది, ఇనుము ఎక్కడ ఆగిందో పుట్టీ ఎక్కడ మొదలైందో తెలియనంత నునుపు చెయ్యాలి. ఆ తర్వాతే రంగు. ఆ రుద్దే పని అనంతయ్యది. పెళ్ళి కాకముందు మొదలుపెట్టాడు. ఇప్పుడతనికి మనవరాలుంది.

వాళ్ళది పాల్మాకులలో సేద్యం చేసుకునే ఇల్లు. అన్నదమ్ములు ముగ్గురు, పొలం మాత్రం ఒక్కరికి సరిపోయేంత. నడిపివాడైన అనంతయ్య ఎవరూ పొమ్మనకముందే రోడ్డెక్కాడు. అప్పట్లో షెడ్డు రామచంద్రయ్యది. మొదటిరోజే ఆయన అనంతయ్యను ఒక కారు తలుపు ముందు కూర్చోబెట్టి, "కండ్లు మూస్కో. కన్ను మోసపోతది, చెయ్యి పోదు. అరచెయ్యి పెట్టి మెల్లగ జరుపు. దున్నిన చెల్కల నడిస్తే సాలు కాలికి తగుల్తది సూడు, గట్ల తగుల్తది," అన్నాడు. ఆ పని కొందరికి ఎన్నటికీ పట్టుబడదు. అనంతయ్యకు తొందరగానే పట్టుబడింది. దున్నిన చెలకలో తిరిగిన కాళ్ళు కదా.

అప్పటినుంచీ అదే బతుకు. రబ్బరు ముక్కకు ఉప్పు పేపరు చుట్టడం, బకెట్లోంచి నీళ్ళు చల్లుకుంటూ రుద్దడం, గుడ్డతో తుడవడం, అరచెయ్యి పెట్టి చూడడం, మళ్ళీ రుద్దడం. ముందు గరుకు పేపరు, తర్వాత సన్నది, ఆ తర్వాత ఇంకా సన్నది. చేతులెప్పుడూ నీళ్ళలోనే ఉండేవి. చలికాలం వేళ్ళ సందులు పగిలేవి. భుజం సంగతి చెప్పనే అక్కర్లేదు. రాత్రి పక్క మీద ఎటు తిరిగినా అది ముందు లేచి కూర్చునేది. భార్య శోభ ఎయిర్‌పోర్టు రోడ్డు వెంబడి ఉన్న పూలతోటల్లో కలుపు తీసే పనికి పోతుంది. కూతురు కళ్యాణి పెళ్ళయి మంఖాల్ వెళ్ళిపోయాక ఇంట్లో ఇద్దరే. సాయంత్రం ఎవరు ముందు చతికిలబడితే వాళ్ళకు రెండోవాళ్ళు నీళ్ళిచ్చేవారు. ఒక్కోరోజు ఇద్దరూ ఒకేసారి కూర్చుంటే ఆ నీళ్ళు కూడా ఉండేవి కావు.

రామచంద్రయ్య పోయాక షెడ్డు కొడుకు మహేష్ చేతికొచ్చింది. మహేష్ చెడ్డవాడు కాదు. నిక్కరు వేసుకున్ననాటి నుంచీ అనంతయ్యను కాకా అని పిలిచినవాడు. కానీ రోజులు మారాయి. రోడ్డు నిండా క్యాబులు. పొద్దున కారు వదిలిపెట్టి మాపటికల్లా కావాలంటారు. ఒకరోజు మహేష్ ఒక డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టాడు. గాలితో నడిచే మిషన్. గుండ్రటి పలకకు పేపరు అంటించి మీట నొక్కితే జుయ్యిమని తిరుగుతుంది.

"కాకా, చేత్తోని రుద్దుతుంటే ఆలస్యమైతుంది. బండ్లోళ్ళు ఆగుతలేరు. నువ్వేం మనసుల పెట్టుకోకు," అన్నాడు నసుగుతూ. గొడవ జరుగుతుందనే అనుకున్నాడు పాపం.

అనంతయ్య మిషన్‌ను అటూ ఇటూ తిప్పి చూశాడు. "మనసుల పెట్టుకునుడేంది? గిది పదేండ్ల కింద తేవాల్సింది నువ్వు. నా భుజం బతుకుతుండె," అన్నాడు.

నొచ్చుకున్నది శివయ్య ఒక్కడే. "మిషన్‌కు సోయి ఉంటదారా అనంతా? ఆగుమంటే ఆగుతదా?" అన్నాడు. అనంతయ్య నవ్వాడు. సోయి తన అరచేతిలో ఉంది, మిషన్‌కెందుకు?

మొదట్లో అది వరమే అనిపించింది. పూటంతా పట్టే తలుపు చాయ్ తాగి వచ్చేలోగా అయిపోయేది. అంచుల దగ్గరా మడతల దగ్గరా మాత్రం చేత్తో రుద్దేవాడు. మిగతాదంతా మిషన్ మింగేసేది. చాలా ఏళ్ళ తర్వాత ఒకరాత్రి భుజం నెప్పి లేకుండా నిద్రపట్టింది. పొద్దున లేచి శోభతో, "నిన్న నేను కొత్త పెండ్లికొడుకు లెక్క పండుకున్న," అన్నాడు. ఆమె, "నాకూ ఒకటి తెచ్చియ్యి గట్లాంటిది, కలుపుకు," అంది.

ఆ సుఖం ఎక్కువకాలం నిలవలేదు. మిషన్ వచ్చాక పని తగ్గుతుందనుకున్నాడు. తగ్గింది పని కాదు, ఒక్కో కారుకు పట్టే సమయం. ఆ మిగిలిన సమయంలోకి ఇంకో కారు వచ్చి నిలబడేది. దాని వెనక మరోటి. చేత్తో రుద్దిన కాలంలో నీళ్ళు తెచ్చుకోవడానికి లేచేవాడు, పేపరు మార్చుకోవడానికి ఆగేవాడు, శివయ్యతో నాలుగు మాటలు మాట్లాడేవాడు. ఇప్పుడు ఆ చప్పుడులో మాట వినపడదు. నీళ్ళు లేవు గనుక దుమ్మంతా గాల్లోనే. మూతికి గుడ్డ కట్టుకున్నా ముక్కులో, చెవుల్లో, తినే అన్నంలో తెల్లటి పుట్టీ పొడి. సాయంత్రం రోడ్డు మీదికొస్తే మనిషి పిండిగిర్నీలోంచి వచ్చినట్టుండేవాడు.

రెండో చలికాలంలో వేళ్ళు సతాయించడం మొదలుపెట్టాయి. మిషన్ ఆపేసి ఇంటికొచ్చినా కుడిచేతిలో జుయ్యిమనే చప్పుడు ఆగేది కాదు. చెవికి కాదు, ఎముకకు వినపడేది. పొద్దున్నే స్కూటీ హ్యాండిల్ పట్టుకుంటే చూపుడువేలూ నడిమివేలూ సున్నం కొట్టినట్టు తెల్లబడేవి. కాసేపటికి నెత్తురు తిరిగొచ్చి మంటెత్తేవి. చొక్కా గుండీ పెట్టుకోవడం కష్టమైంది. ఎవరికీ చెప్పలేదు. చెప్తే ఏం చేస్తారు? పనిచేసే ఒంటికి ఏదో ఒకటి ఉంటూనే ఉంటుంది. భుజం పోయి వేళ్ళు వచ్చాయి, అంతే అనుకున్నాడు.

శోభకు తెలిసింది మాత్రం స్నానాల దగ్గర. ఆమె పొయ్యి మీదినుంచి నీళ్ళు దించి బకెట్లో పోసింది. ఇంకా చన్నీళ్ళు కలపలేదు. అనంతయ్య చెయ్యి ముంచి, "సల్లగున్నయి గదనే, ఇంకో చెంబు పొయ్యి," అన్నాడు. ఆమె బకెట్ వైపు చూసింది. పొగలు. గబుక్కున అతని చెయ్యి పట్టి పైకి లాగింది. మణికట్టు దాకా ఎర్రగా కందిపోయింది.

"గిదేందయ్యా! కాలుతలేదా నీకు?"

అనంతయ్య తన చేతిని తానే ఎవరిదో చెయ్యిని చూసినట్టు చూశాడు. "కాలుతుంది... ఇప్పుడు కాలుతుంది," అన్నాడు. మణికట్టు దగ్గర నిజంగానే మండుతోంది. వేళ్ళ దగ్గరే ఏమీ లేదు.

"ఎన్ని రోజులాయె గిట్ల?"

"జర చలికి మొద్దువడుతుందిలే."

"దవాఖానకు పోదాం నడువు."

"పోదాం. ఈ వారం బండ్లు బాగ వచ్చినయి. వచ్చే వారం పోదాం."

వచ్చే వారం కూడా బండ్లు బాగానే వచ్చాయి.

శంషాబాద్‌లో నడిచే క్యాబులు చాలావరకు తెల్లవి. తెలుపు దయగల రంగు, చిన్నచిన్న ఎత్తుపల్లాలను కడుపులో దాచుకుంటుంది. మధు కారు నల్లది. మధు అనే ఆ కుర్రవాడు సొంతకారు మీద ఎయిర్‌పోర్టు ట్రిప్పులు కొడతాడు. ఆటో గుద్దితే ఎడమ తలుపు లోపలికి పోయింది. శివయ్య లాగాడు, అనంతయ్య మిషన్ పట్టాడు, అరచెయ్యి పెట్టి చూశాడు. అద్దంలాగుంది అనిపించింది. రంగు కొట్టి పంపించారు.

మర్నాడు మధు తిరిగొచ్చాడు. గట్టిగా మాట్లాడలేదు. కారును ఎండలోకి తెచ్చి పెట్టి, "కాకా, జర ఈడికెల్లి సూడు. పార్కింగ్‌ల ట్యూబ్‌లైట్లు ఈ తలుపు మీద పాముల్లెక్క వంకరపోతున్నయి. అవతలి తలుపు మీద సక్కగున్నయి," అన్నాడు.

అనంతయ్య వంగి చూశాడు. రోడ్డవతలి కరెంటు స్తంభం నీడ నల్లటి తలుపులో మూడుచోట్ల మెలికలు తిరిగి కనపడింది. మూడు అలలు. గుడ్డివాడి చేతికైనా తగలాల్సినవి. అతను అరచెయ్యి పెట్టి ఈ చివరినుంచి ఆ చివరికి జరిపాడు. కంటికి అలలు కనపడుతున్నాయి. చేతికి ఏమీ లేదు. మళ్ళీ జరిపాడు. ఏమీ లేదు.

మహేష్ వచ్చి చూశాడు. తిట్టలేదు. "మళ్ళ చేసిద్దాం తమ్మీ, రెండు రోజులియ్యి," అని మధును పంపించి, అనంతయ్య మొహం చూడకుండా ఫోన్ తీసుకుని పక్కకు పోయాడు. తిట్టినా బాగుండేదనిపించింది అనంతయ్యకు. తలుపు పక్కనే బకెట్ బోర్లించి దాని మీద కూర్చున్నాడు. ఈ ఒక్కటి నల్లదైంది గనుక తెలిసింది. ఈ చలికాలమంతా ఎన్ని తెల్ల తలుపులు ఇలాగే పోయాయో! ఎన్ని కార్లు తన చెయ్యి చెప్పిన అబద్ధాన్ని వేసుకుని రోడ్ల మీద తిరుగుతున్నాయో! లేవాలనిపించలేదు.

శివయ్య పక్కకొచ్చి కూర్చున్నాడు. "నలుపు సల్లుకోరాదురా," అన్నాడు మెల్లగా.

పుట్టీ మీద పల్చగా నల్లరంగు దుమ్ములా చల్లి రుద్దితే, ఎత్తున్నచోట పోతుంది, గుంత ఉన్నచోట మిగులుతుంది. చేతికి తెలియనిది కంటికి తెలుస్తుంది. పని నేర్చుకునేవాళ్ళు అలా చేస్తారు.

"నేనేమన్న నిన్న మొన్న వచ్చిన్నా నలుపు సల్లుకునేటందుకు?" అని కసిరాడు అనంతయ్య. శివయ్య లేచిపోయాడు.

ఆ సాయంత్రం శోభ అడగకముందే జరిగింది చెప్పాడు. చెప్తూ చెప్తూ ఆగి, "రేపు ఆదివారం. షెడ్డుల ఎవ్వరుండరు. నువ్వు జర నా ఎంబడి రా," అన్నాడు.

"నేనెందుకు?"

"నీ చెయ్యి కావాలె."

ఆరురోజులు వంగి కలుపు తీసిన మనిషి. ఆదివారం ఒక్కటే ఆమెది. ఉతకాల్సిన బట్టల కుప్ప వైపొకసారి, అతని వైపొకసారి చూసింది. "వస్త. గని ఒక మాట. నేను నీ షెడ్డుకొస్తే నువ్వు సోమారం నా ఎంబడి దవాఖానకు రావాలె. బండ్లున్నయి గిండ్లున్నయి అంటే ఇనను."

అతను తలూపాడు.

షెడ్డు తలుపు తీసి, పొద్దుటి వెలుగులోకి కారును నెట్టి, అనంతయ్య రంగు గీకాడు. మిషన్ జోలికి పోలేదు. ఎత్తులు అణిచి, గుంతల్లో కాస్త పుట్టీ పెట్టి, అది ఆరేదాకా ఇద్దరూ చాయ్ తాగారు. పాత బకెట్, పాత రబ్బరు ముక్క, నీళ్ళ పేపరు తీశాడు. రుద్దడం మొదలుపెట్టిన కాసేపటికే భుజం మేలుకుంది. తుడిచి, "ఇగ సూడు. కండ్లు మూస్కో. అరచెయ్యి మొత్తం పెట్టు, వేళ్ళు గాదు. మెల్లగ జరుపు," అన్నాడు.

శోభ కళ్ళు మూసుకుంది. "నున్నగనే ఉంది."

"మళ్ళ సూడు."

"నున్నగనే ఉందయ్యా. నాకేం తెలుస్తది గివన్ని?"

"తొందర వెట్టకు. నువ్వు మడి సాఫు చేస్తవు గద మొక్కలు వెట్టేముందు, ఏడ నీళ్ళు ఆగుతయో సూస్తవు గద. నీళ్ళు పోస్తే ఏడ ఆగుతయో గది చెప్పు."

ఆమె చెయ్యి తలుపు మీద మరోసారి పోయింది. ఈసారి నెమ్మదిగా. పిడి కిందికి వచ్చాక ఆగింది. కొంచెం వెనక్కి జరిగింది. మళ్ళీ ముందుకొచ్చింది. "ఈడ," అంది కళ్ళు తెరవకుండానే. "ఈడ ఆగుతయి."

అనంతయ్య ఆ చోట పెన్సిల్‌తో గీత గీశాడు. రుద్దాడు. "ఇప్పుడు?" "ఇంకా ఉంది." రుద్దాడు. "ఇప్పుడు?" "కింద పోయింది, పైన కొద్దిగ లేసింది." ఎండ రేకుల మీదికెక్కింది. శోభ రెండుసార్లు విసుక్కుంది, ఒకసారి పని వదిలిపెట్టి పోయి చాయ్ హోటలు బెంచీ మీద కూర్చుంది. కాసేపయ్యాక తనే తిరిగొచ్చింది. "నువ్వు ఇన్నేండ్లు చేసింది ఇదేనా? నాకు ఒక్కపూటకే నెత్తి తిరుగుతుంది," అంది. "నేనేందో నువ్వు కూసొని చేసే పని చేస్తున్నవనుకున్న."

చివరికి ఆమె చెయ్యి తలుపు ఈ అంచునుంచి ఆ అంచుదాకా ఆగకుండా పోయింది. "నీళ్ళు ఏడా ఆగవు," అంది. మర్నాడు దాని మీద రంగు పడింది. ఆ తర్వాతి రోజు మధు వచ్చి ఎండలో వంగి చూసుకుని, అనంతయ్య చేతిని రెండు చేతులతో పట్టుకుని ఊపి పోయాడు.

రంగు పడిన సోమవారమే, మాట ప్రకారం దవాఖానకు పోయారు. వరసలో చాలాసేపు నిలబడ్డాక డాక్టర్ మాధవీలత చూసింది. కోస్తా మనిషి. అనంతయ్యను కళ్ళు మూసుకోమని వేళ్ళ మీద సూదిమొన తాకించి అడిగింది. కొన్నిచోట్ల చెప్పాడు, కొన్నిచోట్ల చెప్పలేదు.

"మిషన్ అదురు వల్ల నరాలు దెబ్బతిన్నాయండీ. నెత్తురు కూడా వేళ్ళ చివరలకు సరిగా అందడం లేదు. ఆ మిషన్ ఇక పట్టుకోకండి. చేతులు వెచ్చగా ఉంచుకోండి, బీడీ ఉంటే మానేయండి," అంది.

"మళ్ళ వస్తదా అమ్మా, వేళ్ళకు తెలివి?"

"కొంత రావొచ్చు. మొత్తం వస్తుందని నేను చెప్పలేను. నెలలు పడుతుంది. పట్టుకుంటూనే ఉంటే మాత్రం రాదు."

బయటికొచ్చి చెట్టు కింద నిలబడ్డారు. మిషన్ పట్టకపోతే మళ్ళీ పేపరే. పేపరు పడితే భుజం. భుజం పోవాలా, వేళ్ళు పోవాలా? రెంటిలో ఏదో ఒకటి కోరుకోమన్నట్టుంది బతుకు. మూడోది లేదు. ఈ వయసులో కొత్తగా ఏం నేర్చుకుంటాడు? శోభ కొంగుతో మొహం తుడుచుకుని, "ఏమంటవ్?" అంది. అతను స్కూటీ దగ్గరికి నడిచాడు.

మర్నాడు మహేష్‌ను పక్కకు పిలిచి ఉన్నదున్నట్టు చెప్పాడు. మహేష్ తల పట్టుకున్నాడు. "నాకు ముందెందుకు చెప్పలే కాకా? గని మిషన్ లేకుంటే షెడ్డు నడ్వదు. నువ్వే చెప్పు, ఎట్ల?"

"మిషన్ తీసెయ్యమంటలేను. నేను పట్టనంటున్న. మోటుపని దానితోని చెయ్యనియ్యి, శివయ్య కొంచెం, ఇంకొకలు కొంచెం. ఒక్కని చేతిలనే పొద్దంత పెట్టకు, వానికి గూడ నా లెక్కనే అయితది. ఆఖరి పేపరు నాకు ఇడిచిపెట్టు. నీళ్ళ పేపరు."

"నీ భుజం?"

"భుజం నొస్తే నా ఒక్కనికే ఎరుక, వేళ్ళు పోతే తలుపులు చెడిపోతయి. మధ్యాన్నం దాకనే చేస్త. ఇగ నాతోని గంతే అయితది."

మహేష్ వెంటనే ఒప్పుకోలేదు. రెండురోజులు ముభావంగా తిరిగాడు. తర్వాత ఒక పొద్దున శివయ్య చేతికి మిషన్ ఇచ్చి, మందమైన చేతి తొడుగుల జత కూడా ఇచ్చాడు. "అరగంటకోసారి ఆపు మామా," అన్నాడు. శివయ్య మిషన్‌ను తిట్టుకుంటూనే నేర్చుకున్నాడు.

అనంతయ్య నీళ్ళ బకెట్ ముందుకు తిరిగొచ్చాడు. మొదటి కారు వచ్చినప్పుడు, రుద్దేముందు లేచిపోయి తనే నల్లరంగు డబ్బా తెచ్చుకున్నాడు. శివయ్య చూశాడు. అనంతయ్య పల్చగా చల్లి, ఆరనిచ్చి, పేపరు పెట్టాడు. ఎత్తుల మీద నలుపు పోయింది, రెండు గుంతల్లో మిగిలింది. "ఏం రా, కొత్తగొచ్చినవా?" అన్నాడు శివయ్య. "ఆఁ, ఇయ్యాల్నే వచ్చిన," అన్నాడు అనంతయ్య.

వేసవిలో వేళ్ళు కొంత తేరుకున్నాయి. నడిమివేలి కొనకు చొక్కా గుండీ తగలడం తెలిసింది. చూపుడువేలు మాత్రం ఇంకా మొద్దుగానే ఉంది. రాత్రిళ్ళు భుజం పాతకక్ష తీర్చుకుంటోంది. నిద్రపట్టక అటూ ఇటూ పొర్లుతుంటే శోభ సగం నిద్రలోనే నూనె రాస్తుంది, రాస్తూ రాస్తూ చెయ్యి అక్కడే వదిలేసి నిద్రపోతుంది. మధ్యాహ్నం ఇంటికొచ్చి ఆమె వచ్చేసరికి అన్నం వండిపెట్టడం అనంతయ్య కొత్తగా నేర్చుకున్నాడు. మొదట్లో మాడేది. ఇప్పుడు తినేటట్టుంటోంది.

మళ్ళీ చలి మొదలైంది. పొద్దున నీళ్ళలో చెయ్యి పెట్టగానే వేళ్ళు తెల్లబడతాయి. అప్పుడతను పేపరు పక్కనపెట్టి, రెండు చేతులూ చంకల్లో పెట్టుకుని, రోడ్డు మీద పోయే కార్లు చూస్తూ గోడకు ఆనుకుని కూర్చుంటాడు.

"ఏమాయె రా?" అని అడుగుతాడు శివయ్య, మిషన్ ఆపి.

"ఏంలే. నెత్తురు తిరిగి రానియ్యి జర," అంటాడు అనంతయ్య. అలాగే కూర్చుంటాడు. వేళ్ళలో సూదులు గుచ్చినట్టు మంట మొదలయ్యాక లేచి, గుడ్డతో తుడుచుకుని, పేపరు అందుకుంటాడు.